క్వెరీ కోడ్‌ను విడగొట్టడం – 4వ పాఠం: లెఫ్ట్ జాయిన్ షరతు చోటు మారితే

ఈసారి సీటీఈల (క్వెరీలో ముందే పేరు పెట్టుకునే తాత్కాలిక ఫలితాల) గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. గత పాఠం అభ్యాసానికి మీరు పంపిన కోడ్ చూశాక, అందులో పడిన చిక్కులు విప్పకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది.

మనం తీసుకున్నది 240 లైన్ల జావా మెథడ్. ఈ విద్యా సంవత్సరంలో ఏ విద్యార్థి ఎంత ఫీజు కట్టాడో, ఇంకా ఎంత బాకీ ఉన్నాడో చూపే లిస్టు ఇస్తుంది. క్వెరీ స్ట్రింగ్ కూర్చడం, షరతులు చేర్చడం, జేడీబీసీతో (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) నడపడం, వరసలు చదవడం, బాకీ లెక్కకట్టడం అన్నీ అందులోనే ఉన్నాయి. విడగొట్టమంటే విడగొట్టారు, మెథడ్ల పేర్లు కూడా బాగా పెట్టారు. కానీ కొందరి ప్రోగ్రాం నెమ్మదించింది. ఇంకొందరి లిస్టులో కొంతమంది విద్యార్థులు కనిపించకుండా పోయారు.

నెమ్మదించినదాని సంగతి ముందు చూద్దాం. ఒక విద్యార్థి ఐడి ఇస్తే అతని చెల్లింపులు తెచ్చే చిన్న మెథడ్ రాసి, దాన్ని లూప్‌లో పిలిచారు. 600 మంది ఉంటే మొదటి క్వెరీతో కలిపి 601 క్వెరీలు. డేటాబేస్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే తేడా తెలియదు. అదే వేరే సర్వర్‌లో ఉండి ఒక్కో క్వెరీ వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే, లిస్టు రావడానికి 12 సెకన్లు. మెథడ్ ఒక ఐడి కాదు, ఐడిల లిస్టు తీసుకోవాలి. ఒకే క్వెరీతో అన్నీ తెచ్చి, విద్యార్థి ఐడి కీగా మ్యాప్‌లో పెట్టి ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నేను ఇన్ (విలువ ఈ లిస్టులో ఉందా అని చూసేది) బదులు ఎనీ వాడి మొత్తం ఐడిలను ఒకే అర్రేగా పంపుతాను, ప్రశ్నార్థకాలు (విలువలు తర్వాత నింపే ? గుర్తులు) లెక్కపెట్టే పని ఉండదు. పాత ఒరాకిల్ వెర్షన్లలో ఇన్ లిస్టుకు 1000 విలువల పరిమితి ఉంది, అక్కడ ముక్కలు చేసి పంపాల్సిందే.

ఇంకొకటి. చిన్న మెథడ్ ప్రతిదీ సొంతంగా కనెక్షన్ తెరవకూడదు. అలా తెరిస్తే ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాల్సిన పని వేర్వేరు ట్రాన్సాక్షన్లుగా చీలిపోతుంది. కనెక్షన్‌ను పారామీటర్‌గా పంపండి, అంతే.

ఇక మనుషులు మాయమైన సంగతి. ఇది మాత్రం నిదానంగా చెబుతాను. ఎర్రర్ రాదు, లిస్టు చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, కానీ తప్పు.

అసలు మెథడ్‌లో లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరసలన్నీ ఉంచి, కుడి వైపు జత దొరక్కపోతే అక్కడ నల్, అంటే ఖాళీ, పెట్టేది) ఇలా ఉండేది:

ఫ్రమ్ విద్యార్థులు వి లెఫ్ట్ జాయిన్ చెల్లింపులు చె ఆన్ చె.విద్యార్థి_ఐడి = వి.ఐడి అండ్ చె.సంవత్సరం = ?

షరతులన్నీ ఒక మెథడ్‌లోకి తీసుకురమ్మని నేను చెప్పగానే, చాలామంది సంవత్సరం షరతును కూడా అక్కడికి లాగారు. ఆ మెథడ్ కూర్చేది వేర్ భాగాన్ని, అంటే ఫలితాన్ని వడపోసే చోటును. అంటే ఆన్‌లో (వరసలను జతపరిచే చోట) ఉన్న షరతు వేర్‌లోకి వెళ్లింది. ఇన్నర్ జాయిన్ (జత దొరికిన వరసలనే ఉంచేది) అయితే ఎక్కడున్నా ఫలితం ఒకటే, ఆ అలవాటుతోనే ఇక్కడ దెబ్బతింటారు. లెఫ్ట్ జాయిన్‌లో రెండూ ఒకటి కావు.

ముగ్గురు విద్యార్థులను తీసుకోండి. రాధ 2024-25లో 7500 చొప్పున రెండు వాయిదాలు కట్టింది. సలీం 2023-24లో మాత్రమే కట్టాడు. లక్ష్మి ఎప్పుడూ ఏమీ కట్టలేదు. మనం అడిగే సంవత్సరం 2024-25.

షరతు ఆన్‌లో ఉంటే రాధకు రెండు వరసలు వస్తాయి. సలీంకు ఈ ఏడాది చెల్లింపు దొరకదు కాబట్టి చెల్లింపు కాలమ్‌లన్నీ నల్‌తో ఒక వరస, లక్ష్మికీ అలాగే ఒకటి. ముగ్గురూ లిస్టులో ఉంటారు.

షరతును వేర్‌లో పెట్టండి. ముందు జాయిన్ పూర్తవుతుంది. అందులో సలీంకు 2023-24 వరస జతపడుతుంది, లక్ష్మికి నల్ వరస వస్తుంది. ఆ తర్వాత వేర్ వడపోస్తుంది. సలీం వరసలో సంవత్సరం వేరు, పోయింది. లక్ష్మి వరసలో నల్‌ను 2024-25తో పోలిస్తే జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు. నిజమైన వరసలనే వేర్ ఉంచుతుంది కాబట్టి అదీ పోయింది. మిగిలింది రాధ ఒక్కతే. బాకీల లిస్టులో అస్సలు కట్టనివాళ్లే లేకపోతే ఆ లిస్టు ఎందుకు?

కొందరు ఇది గమనించి, షరతు పక్కన ఆర్ చె.సంవత్సరం ఈజ్ నల్ అని చేర్చారు. నాకు అన్నిటికంటే ఎక్కువ చిరాకు తెప్పించేది ఈ అతుకే, ఎందుకంటే సగం పనిచేస్తుంది. లక్ష్మి తిరిగి వస్తుంది. దాంతో సరిపోయిందనుకుని మూసేస్తారు. సలీం రాడు. అతనికి పాత ఏడాది వరస జతపడింది కాబట్టి నల్ వరస పుట్టనే లేదు. మొదటి సంవత్సరం విద్యార్థులతో టెస్ట్ చేస్తే అందరూ కనిపిస్తారు, రెండో సంవత్సరం వాళ్ల దగ్గర తేలుతుంది. ఈ అతుకు వేయకండి. ఎవరి కోడ్‌లోనైనా కనిపిస్తే ఆగి అడగండి.

తిరగేసి చేసినా తప్పే. బ్రాంచ్ షరతును వేర్ నుంచి ఆన్‌లోకి మారిస్తే, సీఎస్ఈ అడిగినా కాలేజీ మొత్తం లిస్టులోకి వస్తుంది. మిగతా బ్రాంచ్‌ల వాళ్లంతా ఏమీ కట్టనట్టు కనిపిస్తారు.

ప్రతి షరతు దగ్గరా ఇది అడగండి: షరతు కుదరకపోతే పోవాల్సింది విద్యార్థా, చెల్లింపు వివరమా? విద్యార్థి పోవాలంటే వేర్, చెల్లింపు మాత్రమే పోవాలంటే ఆన్. కాబట్టి షరతులు కూర్చే మెథడ్లు రెండు ఉండాలి, ఒకటి కాదు. జేడీబీసీలో ఇంకో జాగ్రత్త ఉంది. ప్రశ్నార్థకాలకు విలువలు వరుస నంబరుతో వెళ్తాయి, క్వెరీలో ఆన్ ముందు వస్తుంది, వేర్ తర్వాత. షరతు చోటు మారితే నంబర్లూ మారతాయి. షరతు ముక్కనూ దాని విలువనూ ఒకే చోట, ఒకే వరుసలో చేర్చుకుంటూ పోతే ఈ టెన్షన్ ఉండదు.

నా సొంత పద్ధతి వేరు. నేను చెల్లింపులను ముందే ఒక సబ్‌క్వెరీలో విద్యార్థివారీగా కూడేస్తాను, సంవత్సరం షరతు ఆ బ్రాకెట్ల లోపలే ఉంటుంది. బయట దాన్ని లెఫ్ట్ జాయిన్ చేసి, మొత్తం నల్ అయితే కోయలెస్‌తో దాని బదులు సున్నా పెడతాను. ఎవరు ఎలా విడగొట్టినా షరతు బయటికి జారదు. క్వెరీని ముక్కలు అతికించకుండా జావా 15 నుంచి ఉన్న టెక్స్ట్ బ్లాక్‌లో (పలు లైన్ల స్ట్రింగ్) నిండుగా రాస్తాను. ఐదు ఫ్లాగులతో ఒకే క్వెరీని మెలికలు తిప్పడం కంటే రెండు నిండు క్వెరీలు ఉండటమే నాకిష్టం. కొంత రిపీట్ అయినా ఫర్వాలేదు, చదివితే అర్థమవుతుంది.

అభ్యాసం. పై ముగ్గురినీ టేబుల్‌లో చేర్చండి, ఒక్కొక్కరి ఫీజు 30000. రాయితీల టేబుల్ కొత్తగా పెట్టి, రాధకు 2000, 1000 రెండు రాయితీలు ఇవ్వండి. రాధ బాకీ 12000 రావాలి, సలీం, లక్ష్మిలకు 30000 చొప్పున రావాలి. చెల్లింపులు, రాయితీల టేబుల్స్‌ రెండిటినీ విద్యార్థులతో నేరుగా జాయిన్ చేసి కూడితే రాధకు నాలుగు వరసలు పుట్టి బాకీ మైనస్ 6000 అవుతుంది. డిస్టింక్ట్ వాడకూడదు. రెండు వాయిదాలూ 7500 కాబట్టి అది ఒకదాన్ని మింగేస్తుంది.

అది సరిగ్గా వచ్చాక, రాయితీలు చేర్చక ముందటి మీ పాత క్వెరీని, గత పాఠంలో మీరు విడగొట్టిన రూపాన్ని పోస్ట్‌గ్రెస్‌లో ఎక్సెప్ట్ ఆల్‌తో పోల్చండి. పాతదాంట్లోంచి కొత్తది, కొత్తదాంట్లోంచి పాతది తీసేస్తూ రెండు వైపులా చేయాలి. రెండూ ఖాళీగా రావాలి. ఉత్త ఎక్సెప్ట్ వద్దు, అది ఒకేలా ఉన్న వరసలను ఒకటిగా కలిపేస్తుంది. చివరగా లాగ్ స్టేట్‌మెంట్ సెట్టింగ్‌ను ఆల్ అని పెట్టి ప్రోగ్రాం నడపండి. విద్యార్థుల సంఖ్య పెంచినా లాగ్‌లో క్వెరీల సంఖ్య పెరగకూడదు.