కొత్త పవర్ వీడర్‌ను (కలుపు తీసే మెషిన్‌ను) పత్తి చేనులో దింపే ముందు

నల్లగొండ వైపు మృగశిర కార్తె వానలు పడ్డాక రిపేర్లకు టైమ్ ఉండదు. ఇవన్నీ మే నెలలోనే చూసుకోండి.

• అన్నిటికంటే ముందు ఇంజన్ ఆయిల్. కొత్త మెషిన్ చాలాసార్లు ఆయిల్ లేకుండానే వస్తుంది. పోయకుండా తాడు లాగితే పిస్టన్ పట్టేస్తుంది, కొత్త ఇంజన్ పాడైపోతుంది. బండిని చదునైన నేల మీద నిలిపి, ఆయిల్ కొలిచే పుల్ల తుడిచి, మళ్లీ ముంచి చూడండి. పై గీతదాకా తడి కనిపించాలి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, అదీ చూడాలి. మొదటి ఆయిల్‌ను సుమారు 20 గంటలు నడిచాక మార్చేయండి. అందులో సన్నటి ఇనుప రజను మెరుస్తూ కనిపిస్తుంది.

• బ్లేళ్ల పదును వైపు ముందుకు తిరగాలి. తిరగేసి బిగిస్తే మట్టిని కోయవు, బండి ఎగురుతుంది.

• క్లచ్ వదలగానే బ్లేళ్లు ఆగాలి. ఆగకపోతే కేబుల్ సరిచేసేదాకా చేనులోకి వద్దు.

• బ్లేళ్లకు తీగ, గడ్డి చుట్టుకుంటే ఇంజన్ ఆపి, ప్లగ్ వైరు పీకాకే చెయ్యి పెట్టండి. ఈ ఒక్కటి మాత్రం ఎంత తొందరున్నా మరవద్దు.

• ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పెట్రోల్ పోయాలి. మూసిన కొట్టంలో స్టార్ట్ చేయొద్దు.

• నల్లరేగడి తడిగా ఉంటే ఆ రోజుకు ఆగండి.