పెళ్లి బడ్జెట్: అతిథుల లెక్క తేలాకే అడ్వాన్సులు

పెళ్లి ఖర్చు చేయి దాటిపోయే ఇళ్లల్లో తరచూ ఒకే వరస కనిపిస్తుంది. ముందు హాలుకు అడ్వాన్సు కడతారు, తర్వాత ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకుంటారు, ఆపైన బట్టలు మొదలవుతాయి. ఎంతమందిని పిలుస్తున్నామన్న లెక్క మాత్రం శుభలేఖలు అచ్చుకిచ్చే రోజు దాకా తేలదు. అది తేలేసరికి హాలు చాలదు, లేదా సగం ఖాళీగా ఉండబోయే హాలుకు డబ్బు కట్టేసి ఉంటారు. చేతిలో ఎంత ఉంది, ఎంతమంది వస్తారు అన్న రెండూ తేలాకే మొదటి అడ్వాన్సు ఇవ్వాలి.

చేతిలో ఎంత ఉంది

రెండు కుటుంబాలూ కూర్చుని ఎవరు ఎంత పెట్టుకుంటారో, ఆ డబ్బు ఏ నెలలో చేతికొస్తుందో కాగితం మీద రాసుకోండి. "అప్పటికి చూసుకుందాంలే" అన్న మాటను లెక్కలో వేయకండి. మొత్తమూ తేదీ రెండూ చెప్పినదాన్నే రాయండి. పెట్టేవాళ్లు ఫలానా దానికే ఇస్తున్నారా, దేనికైనా వాడుకోమంటున్నారా అన్నది కూడా అప్పుడే అడగాలి. మొహమాటపడి ఊరుకుంటే, అలంకరణకని ఇచ్చిన డబ్బు భోజనాలకు పోయి తర్వాత మాట పడాల్సి వస్తుంది.

వచ్చిన మొత్తంలో పదో వంతు తీసి పక్కన పెట్టండి. దాన్ని దేనికీ కేటాయించకూడదు. మిగిలిన తొమ్మిది వంతులే మీ బడ్జెట్. అనుకోకుండా అవసరమయ్యే గది, వానొస్తే వేయాల్సిన పైకప్పు, ఇంకో వాహనం లాంటివి చివరి వారంలోనే బయటపడతాయి. అప్పుడు బేరమాడే వ్యవధి ఉండదు, అడిగినంత ఇవ్వాల్సిందే.

అప్పు తప్పదనుకుంటే వడ్డీని కూడా పెళ్లి ఖర్చులోనే రాయండి. ఏడాదికి 12 శాతం వడ్డీతో, 36 నెలల వాయిదాల మీద 100 తీసుకుంటే నెలకు సుమారు 3.32 చొప్పున మొత్తం 119.57 కడతారు. అప్పు డబ్బుతో చేయించిన ప్రతిదాన్నీ దాదాపు ఐదో వంతు ఎక్కువ పెట్టి కొన్నట్టు లెక్క.

తలల లెక్క

ఖర్చులు మూడు రకాలు. భోజనం, కుర్చీ, చిన్న కానుక, బస లాంటివి తలకింత అని పడతాయి. ఫొటోలు, వధూవరుల బట్టలు, సంగీతం ఎంతమంది వచ్చినా మారవు. మూడో రకం మెట్లుమెట్లుగా పెరుగుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. 50 సీట్ల బస్సు మాట్లాడుకున్నాక 51వ మనిషి వస్తే రెండో బస్సు కావాలి. పదిమంది కూర్చునే బల్లలు వేస్తే 201వ అతిథి కోసం 21వ బల్ల వేయాలి, దాని మీదికి గుడ్డా పూలూ కావాలి, చూసుకునే మనిషినీ పెట్టాలి.

400 మందికి వేసిన బడ్జెట్‌లో తలకింత పడేవి 55 శాతం అనుకుందాం. వందమందిని తగ్గిస్తే మొత్తం ఖర్చులో దాదాపు 14 శాతం మిగులుతుంది. అదే బడ్జెట్‌లో అలంకరణ 10 శాతం ఉందనుకుంటే, దాన్ని సగానికి సగం కోసినా మిగిలేది 5 శాతమే. పూలవాళ్లతో వారాల తరబడి బేరమాడే బదులు జాబితా ముందు ఒక్క సాయంత్రం గట్టిగా కూర్చుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

జాబితాను ఇళ్లవారీగా రాయండి. ప్రతి ఇంటికీ ఎదురుగా వచ్చే మనుషుల పేర్లు రాయండి. "ఫలానా వాళ్లు, నలుగురైదుగురు" అని రాస్తే లెక్క తప్పుతుంది. శుభలేఖలు ఇంటికొకటి చాలు, కాబట్టి మనుషుల సంఖ్య చూసి అచ్చు వేయించకండి. ఇళ్ల సంఖ్యకు పది శాతం కలిపి ఒకేసారి వేయించండి. తర్వాత ఇరవై తక్కువయ్యాయని మళ్లీ వెళ్తే, ఆ ఇరవైకీ అచ్చు యంత్రాన్ని కొత్తగా సిద్ధం చేయాలి కనుక ఒక్కోటి చాలా ఖరీదు పడుతుంది.

పేర్లు రాశాక గుర్తులు పెట్టండి. తప్పక వచ్చేవాళ్లను ఒకటిగా, అనుమానంగా ఉన్నవాళ్లను సగంగా, దూరాభారం వల్ల రాలేరని తెలిసినవాళ్లను సున్నాగా లెక్కించండి. 260 మంది తప్పక వస్తారు, 90 మంది అనుమానం, 50 మంది రారు అనుకుంటే అంచనా 305. హాలు మాత్రం 350 మందికి సరిపోవాలి, ఎందుకంటే అనుమానంగా ఉన్నవాళ్లంతా వచ్చేసే రోజూ ఉంటుంది. భోజనాల అంచనా 305 దగ్గర మొదలుపెట్టి, వస్తామని చెప్పినవాళ్లను బట్టి సవరించుకోండి. ఫొటోలు తీసేవాళ్లు, వాద్యకారులు, డ్రైవర్లు, అలంకరించేవాళ్లు కూడా మీ దగ్గరే తింటారు. వాళ్ల తలలు విడిగా లెక్కపెట్టి కలపండి.

రెండు వైపులా సంఖ్య ఖాయమయ్యాక ఒక నియమం పెట్టుకోండి: కొత్త పేరు ఎక్కితే ఒక పాత పేరు దిగాలి. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే జాబితా రోజుకో పేరు చొప్పున పెరిగి తడిసి మోపెడవుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

వధూవరులిద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా, తమకు ముఖ్యమైన మూడు విషయాలు రాయాలి. రెండు కాగితాల్లోనూ ఉన్నవాటికి మంచి రకం తీసుకోండి. ఏ కాగితంలోనూ లేనివాటిని మామూలు స్థాయిలో కానిచ్చేయవచ్చు.

మా సలహా: భోజనం రుచి దగ్గర, ఫొటోల దగ్గర, అతిథుల సౌకర్యం దగ్గర చేయి బిగించకండి. తాగే నీళ్లు, గాలి, కూర్చునే చోటు, శుభ్రమైన టాయిలెట్లు బాగా లేకపోతే మిగతా ఎంత ఘనంగా చేసినా అతిథి ఇబ్బంది పడే వెళ్తాడు. భోజనంలో తగ్గించాలంటే రకాల సంఖ్య తగ్గించండి, సరుకు నాణ్యత తగ్గించకండి. రకం పెరిగిన కొద్దీ వండేవాళ్లూ పాత్రలూ పెరుగుతాయి, అన్నీ కొంచెం కొంచెం వడ్డించుకుని వదిలేయడంతో వృథా కూడా పెరుగుతుంది.

అలంకరణలో ఫొటోలకు ఎక్కువగా ఎక్కేవి రెండు చోట్లు: వధూవరులుండే వేదిక, ప్రవేశద్వారం. డబ్బు అక్కడ పెట్టండి. మిగతా హాలుకు పూలకన్నా వెలుగు నయం, తక్కువలో ఎక్కువ మేర కప్పుతుంది. ఒప్పందంలో "తాజా పూలు" అని మాత్రమే రాయించుకుంటే మిగతాది వాళ్లిష్టం. ఏ పువ్వు, ఏ రంగు, ఎంత మేర అన్నది రాయించండి. ఆ కాలంలో దొరకని పువ్వును పట్టుబట్టి అడగకండి.

ఫొటోగ్రాఫర్‌ను అడగాల్సినవి: ఆ రోజు స్వయంగా వచ్చేది ఎవరు, ఎన్ని గంటలు ఉంటారు, సరిదిద్దిన ఫొటోలు ఎన్ని ఇస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఒకటి పాడైనా ఫొటోలు పోకుండా కెమెరాలో రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి నమోదవుతాయా. ఆల్బమ్ ఇప్పుడే చేయించాలనేం లేదు. ఫైళ్లు చేతిలో ఉంటే ఏడాది తర్వాతైనా చేయించుకోవచ్చు. తీయని ఫొటోను మాత్రం తర్వాత తెచ్చుకోలేం.

బట్టల ధర రాసేటప్పుడు కుట్టుకూలి, సరిచేయించడం, చెప్పులు, ఇస్త్రీ కూడా రాయండి. తేదీ విషయంలో పట్టుదల లేకపోతే, అందరూ ఎగబడే రోజులు వదిలి వేరే రోజు అడగండి. అదే హాలు తక్కువకు దొరికే అవకాశం ఉంటుంది.

ఒప్పందాలు, చెల్లింపులు

మీకు కావలసినవన్నీ ఒకే కాగితం మీద రాసి, ఆ కాగితాన్నే ముగ్గురికి చూపించి ధర అడగండి. ఎవరి లెక్క వాళ్లు చెబితే పోల్చడం కుదరదు. తక్కువ ధర చెప్పినవాళ్ల దగ్గర పన్ను, రవాణా, కరెంటు, జనరేటర్, శుభ్రం చేసే కూలి, గంట దాటితే పడే అదనపు ఛార్జీ విడిగా ఉంటాయేమో చూడండి. హాలు ఏ గంటకు అప్పగిస్తారన్నది తప్పక అడగాలి. ఆలస్యంగా ఇస్తే అలంకరణవాళ్లు ఎక్కువ మందిని పెట్టి హడావుడిగా పని చేయాలి, ఆ కూలి మీ మీదే పడుతుంది.

కేటరింగ్‌వాళ్లు కనీసం ఇంతమందికి డబ్బు కట్టాలని షరతు పెడుతుంటారు. ఆ సంఖ్య ఎంత, దాన్ని మార్చడానికి చివరి తేదీ ఏది అన్నది రాతలో ఉండాలి. పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు కొత్త తేదీకి వర్తిస్తుందా, పోతుందా అన్నదీ రాయించండి.

లెక్కల పట్టికలో ఐదు గడులు చాలు: అంచనా, ఒప్పుకున్న మొత్తం, కట్టింది, మిగిలింది, గడువు. గడువుల గడిని నెలలవారీగా ఒకసారి కూడి చూడండి. మొత్తం మీద డబ్బు సరిపోతున్నా, మిగిలిన చెల్లింపులన్నీ చివరి రెండు వారాల్లో పడి, చేతికి రావాల్సిన డబ్బు ఇంకా రాకపోవడం జరుగుతుంటుంది.

పెళ్లి రోజు ఇవ్వాల్సిన డబ్బును ఒక్కొక్కరికి ఒక కవరు చొప్పున సిద్ధం చేసి, పైన పేరు, ఇవ్వాల్సిన మొత్తం, ఏ పని పూర్తయ్యాక ఇవ్వాలో రాయండి. వాటిని వధూవరులకో వాళ్ల తల్లిదండ్రులకో కాకుండా తీరిగ్గా ఉండే నమ్మకస్తులకు అప్పగించండి. ఫొటోగ్రాఫర్ కవరు ఆ రోజు తీయాల్సింది కాదు. ఒప్పందంలో ముందే రాయించుకున్న 10 నుంచి 20 శాతం బకాయిని, ఫైళ్లన్నీ చేతికొచ్చి, తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక ఇవ్వాలి.