ఫోటాన్లను జంటలుగా లెక్కించడం: నాలుగవ పాఠం

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయాన్ని చూసినవారికి ఆ నీడ గుర్తుండే ఉంటుంది. గర్భగుడిలో పడిన స్తంభపు నీడ పగలంతా అక్కడే నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా అది కదలదు. దాని రహస్యం స్తంభాల అమరికలోనూ, వాటి మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగులోనూ ఉంది. ఆ నీడను వివరించడానికి వెలుగు ఏ దిక్కు నుంచి ఎంత వస్తున్నదో తెలిస్తే చాలు. అంటే సగటు చాలు, ఫోటాన్ (వెలుగు కణం) ప్రస్తావనే అక్కరలేదు. కాంతిశాస్త్రంలో చాలా భాగం ఇంతేనని మొదటే ఒప్పుకుంటే, ఫోటాన్ నిజంగా ఎక్కడ అవసరమో స్పష్టంగా కనిపిస్తుంది.

సగటు సరిపోని చోటునే నేటి పాఠం తీసుకుంటుంది. గత పాఠంలో కాలాన్ని సమానమైన గడులుగా విభజించి, ఒక్కో గడిలో డిటెక్టర్ (ఫోటాన్ తగిలితే క్లిక్కుమనే పరికరం) ఎన్నిసార్లు క్లిక్కుమన్నదో రాసి సగటు తీశాం. ఇప్పుడు ఈ మూడు వరుసలను నోటుపుస్తకంలో రాసుకోండి.

మొదటి వెలుగు: 1, 1, 0, 1, 0, 1, 1, 0, 1, 0
రెండవ వెలుగు: 0, 2, 0, 1, 0, 2, 0, 0, 1, 0
మూడవ వెలుగు: 0, 3, 0, 0, 2, 0, 0, 1, 0, 0

మూడింటిలోనూ పది గడులకు ఆరు క్లిక్కులు. సగటు 0.6. గోడ మీద వేసి చూస్తే మూడూ ఒకే వెలుతురు. అయినా ఇవి ఒకటి కావు. మొదటిదానిలో ఫోటాన్లు ఒకదానికొకటి ఎడం పాటిస్తున్నాయి, మూడవదానిలో గుంపు కడుతున్నాయి. ఈ తేడాను ఒక్క సంఖ్యగా చెప్పేదే జీ-టూ, అంటే రెండవ తరగతి సహసంబంధం.

దానికి జంటలను లెక్కించాలి. బుట్టలో మూడు బత్తాయిలు ఉన్నాయనుకోండి. మొదట తీసేది మూడింటిలో ఏదైనా కావచ్చు, తరువాతిది మిగిలిన రెండింటిలో ఒకటి. మొత్తం 3 × 2 = 6 విధాలు. రెండు ఉంటే 2 × 1 = 2. ఒక్కటే ఉంటే 1 × 0, సున్నా. గడిలోని సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించాలన్న మాట. అన్ని గడులకూ ఇలా చేసి సగటు తీయండి. దాన్ని క్లిక్కుల సగటు వర్గంతో భాగించండి. వచ్చేదే జీ-టూ. కింద వర్గం ఎప్పుడూ 0.6 × 0.6 = 0.36.

రెండవ వరుసలో జంటల మొత్తం 2 + 2 = 4, సగటు 0.4. భాగిస్తే 1.11. మూడవదానిలో 6 + 2 = 8, సగటు 0.8. భాగిస్తే 2.22. మొదటిదానిలో ఒక్క గడిలోనూ రెండు లేవు కనుక సున్నా. జీ-టూ 1 కంటే ఎక్కువైతే గుంపు, తక్కువైతే ఎడం అని అర్థం.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఒకటి తక్కువ చేయడం మరచి, సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తారు. అప్పుడు మొదటి వరుసకు 0.6ను 0.36తో భాగించి 1.67 వస్తుంది. ఎడం పాటించే ఫోటాన్లు గుంపు కడుతున్నట్టు తేలుతుంది! ఒక ఫోటాన్ తనకు తానే జంట కాలేదు. ఆ ఒక్కటిని తీసివేయడం చిన్న సవరణలా కనిపిస్తుంది గానీ, క్వాంటం కాంతిశాస్త్రం మొత్తం దాని మీదే నిలిచి ఉంది. ఈ చోట తొందరపడవద్దని నా మనవి.

ఆదర్శ విలువలు ఇవి: నిలకడైన లేజర్‌కు 1, వేడి దీపపు వెలుగుకు 2, ఒంటరి పరమాణువు వెలిగించే వెలుగుకు 0. ఇంటి బల్బుకు మాత్రం 2 రాదు. దాని హెచ్చుతగ్గులు మన గడి కంటే ఎన్నో రెట్లు త్వరగా మారిపోయి, సగటులో కరిగి 1 దగ్గరే మిగులుతుంది. గుంపు స్వభావాన్ని 1956లో హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ పాదరసపు దీపంతో చూపినప్పుడు కొందరు భౌతిక శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1924లో మన సత్యేంద్రనాథ్ బోస్ వేసిన లెక్కలోనే దాని మూలం ఉంది. ఎడం పాటించే వెలుగును 1977లో కింబుల్, డాగెనైస్, మాండెల్ సోడియం పరమాణువుల నుంచి చూపారు.

నిజమైన ప్రయోగశాలలో ఒక చిక్కు ఉంది. చాలా డిటెక్టర్లు ఒకసారి క్లిక్కుమన్నాక కొంతసేపు మొద్దుబారతాయి, వెంటనే వచ్చిన రెండవ ఫోటాన్‌ను చూడలేవు. అందుకే సగం వెలుగును పక్కకు తిప్పి సగాన్ని ముందుకు పంపే అద్దం పెట్టి, రెండు వైపులా రెండు డిటెక్టర్లు ఉంచుతారు. రెండూ ఒకే గడిలో క్లిక్కుమంటే అది జంట. 10,000 గడులలో ఒక్కో డిటెక్టర్ 200 గడులలో క్లిక్కుమన్నదనుకుందాం. వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోయినా 200 × 200 ÷ 10,000 = 4 జంటలు ఊరికే కలుస్తాయి. ముందు ఈ సంఖ్యను రాసుకోండి. తరువాత నిజంగా చూసిన జంటలను దీనితో భాగించండి. 8 చూస్తే 2, ఒకటే చూస్తే 0.25.

ఇక పదార్థంలోకి వద్దాం. శూన్యంలో రెండు ఫోటాన్లు ఎదురుపడినా ఒకదానినొకటి పట్టించుకోకుండా దాటిపోతాయి. పదార్థంలో మాత్రం వెలుగు పరమాణువుల ఉద్రేకంతో (అవి శక్తిని పీల్చి పై స్థాయికి చేరడంతో) ముడిపడి నడుస్తుంది. ఒక ఫోటాన్ వల్ల ఉద్రేకం పొందిన పరమాణువు తన చుట్టూ ఉన్న పరమాణువుల శక్తిస్థాయులను జరిపితే, వెనుక వచ్చే ఫోటాన్‌కు దారి మూసుకుపోతుంది. 2012లో హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు చల్లని రుబీడియం పరమాణువులలో ఇదే చూపారు. జీ-టూ 1 కంటే బాగా దిగువకు వచ్చింది. మరుసటి ఏడాది లేజర్ పౌనఃపున్యాన్ని కొంత జరిపి, ఫోటాన్లు ఒకదానినొకటి ఆకర్షించి జంటగా బయటికి వచ్చేలా చేశారు. ఈ ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఘనపదార్థంలో పని ఇంకా కష్టం. 2019లో అర్ధవాహకాలలోని (సెమీకండక్టర్లలోని) పోలరిటాన్లతో, అంటే వెలుగూ పదార్థపు ఉద్రేకమూ కలిసిన కణాలతో, రెండు బృందాలు పొందిన విలువ సుమారు 0.95. 1కి ఇంత దగ్గరగా ఉంటే నమ్మడం ఎలా? లెక్కించిన జంటల సంఖ్యకు వర్గమూలమే దానిలోని సందేహం. 400 జంటలు లెక్కిస్తే సందేహం 20, అంటే 5 శాతం. అప్పుడు 0.95కూ 1కీ తేడా చెప్పలేం. 10,000 జంటల దాకా ఓపిక పడితే సందేహం ఒక శాతానికి దిగుతుంది. అప్పుడు ఆ 5 శాతం తేడా నిలబడుతుంది. పై మూడు వరుసలకు పది గడులే తీసుకున్నది పద్ధతి నేర్వడానికి మాత్రమే. అంత చిన్న వరుసతో ఏ వెలుగు గురించీ తీర్పు చెప్పకూడదు.

అభ్యాసం: ఒక పలుచని స్ఫటికం గుండా లేజర్ పంపాం. 10,00,000 గడులలో మొదటి డిటెక్టర్ 20,000 గడులలో, రెండవది 30,000 గడులలో క్లిక్కుమన్నాయి. రెండూ ఒకేసారి పలికిన గడులు 510. జీ-టూ ఎంత? ఫోటాన్లు ఒకదానినొకటి తోసుకుంటున్నాయని ధైర్యంగా చెప్పవచ్చునా? ఆ క్లిక్కులలో పదోవంతు లేజర్ ఆపినా వచ్చేవే అయితే, స్ఫటికపు అసలు విలువ మీకు వచ్చినదానికంటే తక్కువా, ఎక్కువా? చివరి ప్రశ్నకు లెక్క వేయకముందే ఊహించి రాసిపెట్టుకోండి. ఐదవ పాఠాన్ని దానితోనే మొదలుపెడదాం.