ప్రతి ఇంటికీ తమ బిడ్డ గురించే చెప్పే వీడియో: కంప్యూటర్‌తో తయారు చేయడం ఎలా?

ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వెళ్తుంది. చదవడం రాని తల్లి వేలిముద్ర వేసి తిప్పి పంపుతుంది. గల్ఫ్‌లో పనిచేసే తండ్రి దాన్ని చూడనే చూడడు. కానీ ఇద్దరి చేతిలోనూ ఫోను ఉంది. బిడ్డ పేరుతో మొదలయ్యే 40 సెకన్ల వీడియో వినిపిస్తే చదువు సంగతి నేరుగా వారికే చేరుతుంది. తరగతిలో 40 మంది ఉన్నా ఒక నమూనా, ఒక పట్టిక చాలు. 2014లో ఫేస్‌బుక్ తన పదేళ్ల పండుగకు ఖాతాదారులకు వారి ఫోటోలతోనే వీడియోలు తయారుచేసి ఇచ్చిందీ ఇలాంటి పద్ధతిలోనే. పట్టికకు లిబ్రెఆఫీస్, బొమ్మ గీయడానికి ఇంక్‌స్కేప్, పనిని నడిపే ప్రోగ్రాము రాయడానికి పైథాన్ భాష, వీడియో కూర్చడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్: అన్నీ ఉచితమే.

ముందు మాటలు రాసుకోండి. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఖాళీలో పేరు పెడితే సరిపోవడానికి తెలుగు ఒప్పుకోదు. రవికి అంటాం, సుధకు అంటాం. మహేశ్ వచ్చాడు, మీనాక్షి వచ్చింది. కాబట్టి పేరుకు విభక్తి తగలకుండా, క్రియ అవసరం లేకుండా వాక్యం కట్టండి: ‘మీనాక్షి. ఏడో తరగతి. గణితంలో వచ్చిన మార్కులు డెబ్బై రెండు.’ హాజరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. ‘సున్నా రోజులు బడి మానింది’ అని వినిపిస్తే ఆ తల్లికి ఎలా ఉంటుంది? సున్నాకు ‘ఒక్క రోజు కూడా బడి మానలేదు’ అనీ, ఒకటికి ‘ఒక రోజు’ అనీ వేరు వాక్యాలు ఉండాలి. మార్కులు తగ్గిన పిల్లలకు చెప్పే మాట కూడా ఇప్పుడే, నిదానంగా ఆలోచించి రాయండి. ఆ వీడియోను బిడ్డ పక్కనే కూర్చుని వింటుంది.

తర్వాత పట్టిక. ఒక్కో అడ్డు వరుసలో ఒక విద్యార్థి: రోల్ నంబరు, తెర మీది పేరు, పలకాల్సిన పేరు, మార్కులు, బడి మానిన రోజులు. ఇంటిపేరు పొడి అక్షరం తెర మీద ఉండవచ్చు, పలికే పేరులో వద్దు. సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా పట్టిక ఫైలుగా, భద్రపరిచేటప్పుడు తెలుగు అక్షరాలను సరిగా దాచే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు.

ఇంక్‌స్కేప్‌లో నిలువు స్లైడు గీయండి, 720 × 1280 కొలత చాలు. మండలి లేదా రామభద్ర వంటి యూనికోడ్ ఫాంటు పెద్ద అక్షరాల్లో వాడండి. మారాల్సిన చోట గుర్తులు పెడితే, పైథాన్ పట్టిక చదివి వాటి స్థానంలో వివరాలు నింపి బొమ్మలు తీస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పాత వెర్షన్లతో నేరుగా వీడియో మీద తెలుగు రాయించకండి, ఒత్తులు విడిపోతాయి.

గొంతు విషయంలో రైల్వే స్టేషన్ ప్రకటన మంచి పాఠం. రైలు నంబరు, ఊరి పేరు, ప్లాట్‌ఫారం విడివిడిగా రికార్డు చేసి అతుకుతారు. టీచరే 40 పేర్లు, 0 నుంచి 100 వరకు సంఖ్యలు, మారని వాక్యాలు ఒకే గదిలో, ఒకే ఫోనులో చదివితే చాలు. సంఖ్య వాక్యం చివర వస్తుంది కనుక ప్రతి సంఖ్యనూ స్వరం దించి ముగించాలి. మైక్రోసాఫ్ట్ వారి శ్రుతి, మోహన్ వంటి యంత్రస్వరాలు ఉన్నాయి. అయినా తెలిసిన టీచర్ గొంతులో బిడ్డ పేరు వినడం వేరు.

ఇక ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో స్లైడునూ ఆడియోనూ కలిపి ఎంపీ4 చేయండి. వీడియోను కుదించే పద్ధతిగా హెచ్.264, రంగుల అమరికకు వైయూవీ420పీ ఎంచుకుంటే పాత ఫోన్లలోనూ ఆడుతుంది. ఫైలుకు పేరు బదులు రోల్ నంబరు పెట్టండి, ఒకే పేరున్న ఇద్దరి వీడియోలు తారుమారు కావు.

మొదట మూడే తీయండి: అతి పొడవైన పేరు, సున్నా గైర్హాజరు, అతి తక్కువ మార్కులు. అవి బాగుంటే మిగతావి. ఆ తర్వాత 40 వీడియోలనూ చూడండి, అరగంట కూడా పట్టదు.

పంపేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాల వాడకానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. వాట్సాప్‌లో ఎవరిది వారికే విడిగా పంపండి, తరగతి గ్రూపులో ఒక్కటి కూడా పెట్టకండి. ఫోను నంబరును రిజిస్టరుతో మరోసారి సరిచూసుకున్నాకే పంపే మీట నొక్కండి.