మూత్రంలో పారాసిటమాల్: నీలిరంగు ఎందుకు తగ్గిందో ఇలా తేలింది

పారాసిటమాల్ వేసుకున్న వాలంటీరు మూత్రంలో ఆ మందును ఆర్థో-క్రెసాల్ పద్ధతిలో (నీలిరంగు తెప్పించి, ఆ రంగు గాఢతను బట్టి) కొలిచినప్పుడు, మా ల్యాబులో విలువలు ఉండవలసిన దానికంటే బాగా తక్కువగా వచ్చేవి. మందు ఎంత ఉందో ముందే తెలిసిన స్టాండర్డు ద్రావణాలు మాత్రం చక్కని సరళరేఖనే ఇచ్చేవి కాబట్టి, రియేజెంట్లను గానీ రంగు గాఢతను కొలిచే కలరీమీటరును గానీ అనుమానించడానికి ఆస్కారం లేదు.

శరీరం ఈ మందులో అధిక భాగాన్ని గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లోకి మార్చి విసర్జిస్తుంది; మార్పు చెందని మందు మిగిలేది చాలా కొద్దిగానే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బాగా వేడి చేస్తేనే ఆ రూపాల్లోని బంధాలూ, మందులోని ఎసిటైల్ బంధమూ తెగి పారా-అమినోఫినాల్ వెలువడుతుంది, అదే అమ్మోనియా క్షారంలో క్రెసాల్‌తో కలిసి నీలి ఇండోఫినాల్‌గా మారుతుంది. వాటర్‌బాత్ డయల్ 100 డిగ్రీలు చూపుతున్నా, పరీక్షనాళికలో థర్మామీటరు ముంచి చూస్తే అంత వేడి లేదు.

అందుకని నాళికలను మరిగే నీటిలో నిలబెట్టి, ఆమ్లం ఆవిరైపోకుండా మూతికి గాజు గోళీలు పెట్టి గంటసేపు ఉంచాను. అంతకు మించి వేడిచేసినా రంగు పెరగలేదు. చల్లార్చి, ఆమ్లమంతా తటస్థమై ద్రావణం స్పష్టంగా క్షారగుణానికి వచ్చేంత అమ్మోనియా పోశాక ముదురు నీలం తేలింది, దాన్ని 620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చదివాను. బ్లాంకుకు, అంటే పోలిక కోసం వాడే మందు లేని నమూనాకు, అదే వ్యక్తి మందు వేసుకోకముందు ఇచ్చిన మూత్రాన్ని తీసుకుని, దాన్నీ ఇలాగే మరిగించడం తప్పనిసరి, ఎందుకంటే ఆమ్లంలో మరిగిన మూత్రం తనంతట తానే గోధుమరంగుకు తిరుగుతుంది.