సిగ్గుతో కుంగిపోకుండా వ్యాయామం మొదలుపెట్టడం ఎలా?

వ్యాయామం ఎందుకు మానేశారని అడిగితే మన ఆడవాళ్లలో చాలామంది ముందుగా తీరిక లేదనే చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ కాసేపు దగ్గర కూర్చుని మాట్లాడితే, నడిచేటప్పుడు ఒళ్లు కదులుతుంటే అందరూ చూస్తున్నారన్న భయం, ఆయాసపడితే నవ్వుతారేమోనన్న జంకు, "ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడెందుకమ్మా నీకివన్నీ" అని ఎవరో అన్న మాట ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. 2022 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పురుషులు నూటికి 42 మంది ఉంటే, స్త్రీలు 57 మంది ఉన్నారని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. ఆ తేడాకు కారణాలెన్ని ఉన్నా, సిగ్గును కూడా వాటిలో చేర్చవలసిందేనని నా అభిప్రాయం. కాస్త సన్నబడ్డాక బయటికి వెళదామని ఆగితే ఆ రోజు రానే రాదు.

ముందుగా మార్చుకోవలసింది మనతో మనం మాట్లాడుకునే తీరు. క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో, మనిషి తనపై తాను చూపుకొనే దయలో మూడు అంశాలుంటాయని వివరించారు: తనను తాను నిందించుకోకుండా ఆదరించుకోవడం, ఇటువంటి ఇబ్బంది తన ఒక్కదానిదే కాదని గుర్తించడం, బాధను అణచిపెట్టకుండా, పెంచుకోకుండా ఉన్నదున్నట్టు గమనించడం. దీన్ని బద్ధకానికి సాకుగా భావించేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. "ఈ వారం నడవలేదు" అనుకున్న మనిషి మర్నాడు షూస్ తొడుక్కుంటుంది. "నేనెందుకూ పనికిరాను" అనుకున్న మనిషి వాటిని అటకెక్కిస్తుంది.

అనంతపురంలో ఆర్ట్స్ కళాశాల మైదానం వంటి చోట్ల నడక మొదలుపెట్టేవారు, తొలి రోజుల్లో తమకు ఇబ్బంది తక్కువగా ఉండే వేళను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. వేసవిలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఎలాగూ పొద్దెక్కకముందే ముగించాలి. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయితే ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేయాలన్న పాత నియమాన్ని 2020 మార్గదర్శకాల్లో తొలగించి, ఎంత కొద్దిగా చేసినా లెక్కకు వస్తుందని స్పష్టం చేసింది. పక్కవారితో మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఊపిరి వేగం ఉంటే మీ నడక సరిగా ఉన్నట్టే. ఆయాసం రావడం శరీరం పనిచేస్తోందనడానికి గుర్తు. అందులో చిన్నబోవలసింది ఏమీ లేదు.

బట్టల విషయంలో నా సలహా ఒక్కటే: ఏది వేసుకుంటే మీ చెయ్యి మాటిమాటికీ సర్దుకోవడానికి పోదో అదే మీకు తగినది. చున్నీ జారుతుంటే ఏటవాలుగా వేసి నడుము దగ్గర ముడి వేసుకోండి. పట్టుగా ఉండే స్పోర్ట్స్ బ్రా మీద పెట్టే ఖర్చు వృథా కాదు.

జిమ్‌లో చేరే ముందు కొన్ని విషయాలు సూటిగా అడగండి. ఆడవాళ్లకు వేరే సమయం ఉందా, బరువు నలుగురి ముందు చూస్తారా, సభ్యుల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతారా అన్నవి అడగవలసినవే. "నన్ను ముట్టుకోకుండా మాటలతో చెప్పండి" అని ట్రైనర్‌కు మొదటి రోజే చెప్పడం మీ హక్కు. "ఆమెను చూసి నేర్చుకో" అని పోల్చి రేపే పౌరుషం కొన్నాళ్లు పనిచేసినట్టు కనిపించినా, చివరికి మనిషిని ఇంటికే పంపుతుంది.

ఎవరితోనూ చెప్పుకోని ఇబ్బంది ఒకటుంది. కాన్పుల తరువాత గెంతినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం చుక్కలుగా జారడం చాలామందికి ఉంటుంది. ఇది శుభ్రత లోపం కాదు, వయసు శాపం అంతకన్నా కాదు. మూత్రాశయాన్ని కింద నుంచి పట్టి ఉంచే కటి అడుగు కండరాలు (పెల్విక్ ఫ్లోర్) వదులైనందువల్ల వచ్చే సమస్య. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టుగా ఆ కండరాలను బిగించి, 5 సెకన్లు ఉంచి, మళ్లీ 5 సెకన్లు వదులుగా ఉంచండి. ఊపిరి బిగబట్టకండి, తొడలు, పిరుదులు బిగించకండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం దీన్ని సాధన చేయకూడదు. గుణం తెలియడానికి సుమారు మూడు నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా స్కిప్పింగ్ పక్కనపెట్టి నడవండి, ప్యాడ్ పెట్టుకోండి. తగ్గకపోతే గైనకాలజిస్టుకు గానీ ఫిజియోథెరపిస్టుకు గానీ దాపరికం లేకుండా చెప్పండి.

నడుస్తుండగా ఎవరైనా మాట విసిరితే ముఖం వేడెక్కుతుంది, అడుగులు తడబడతాయి. అప్పుడు వేగం తగ్గించి, నిండుగా ఊపిరి వదిలి, "ఈ మాట నాకు బాధ కలిగించింది" అని మనసులోనే ఒప్పుకోండి. ఈ మైదానంలో నాలాగే నొచ్చుకున్నవారు ఇంకా ఉన్నారని తలచుకోండి. ఆపై మీ చెల్లెలికి చెప్పినట్టే మీకూ చెప్పుకోండి: "పోనీలే, ఆ చెట్టు దాకా పోదాం." ఎవరైనా వెంటపడితే, ఫోన్‌లో వీడియో తీస్తే, అక్కడ సర్దుకుపోవలసిన పని లేదు, జనం ఉన్నచోటికి వెళ్లి 112కు ఫోన్ చేయండి. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం వెంటపడి వేధించడం నేరం.

జ్వరమో, పండుగో, పిల్లల పరీక్షలో వచ్చి మధ్యలో ఆగిపోతే, పాత లెక్క పూర్తి చేయాలని పట్టుబట్టకుండా మునుపటి దూరంలో సగంతో మళ్లీ మొదలుపెట్టండి. మీతో నడిచే మనిషి అలా చాలా రోజుల తరువాత తిరిగి వస్తే, "ఏమక్కా, మళ్లీ లావైనావే" అనకండి. "రాక్కా, ఈ రౌండు కలిసి పోదాం" అనండి.