పరుగులో పిల్లలు – మూడో పాఠం: కొబ్బరి మట్ట బండి

పోయిన ఫొటో పాఠంలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) సంగతి చూశాం. ఈసారి షట్టర్ స్పీడ్, అంటే ఫొటో తీసేటప్పుడు షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది. దీనికి కోనసీమ కొబ్బరి తోటను మించిన బడి లేదు. సెలవు రోజు సాయంత్రం పిల్లలు ఎక్కడున్నారని ఎవరినీ అడగక్కర్లేదు, అరుపులు వినబడుతూనే ఉంటాయి.

ముందు చిన్న లెక్క. సెకనుకు 3 మీటర్లు పరిగెత్తే పిల్లాడు 1/60 సెకనులో 5 సెంటీమీటర్లు జరిగిపోతాడు. మొహం అలుక్కుపోతుంది. 1/1000 పెడితే జరిగేది 3 మిల్లీమీటర్లే. చేతులూ కాళ్లూ ఒంటికన్నా వేగంగా ఆడతాయి కాబట్టి 1/500 కంటే కిందికి దిగకండి. షట్టర్ వేగం పెరిగితే లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, అందుకని ఐఎస్ఓ 1600 దాటినా దాటనివ్వండి. ఫొటోలో గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) ఉందని ఏ తల్లీ బాధపడదు. బిడ్డ మొహం ఆనకపోతే మాత్రం ఊరుకోదు.

తోటలో అసలు చిక్కు చీకటి కాదు, మచ్చల ఎండ. ఆకుల సందుల్లోంచి పడి ముక్కు తెల్లగా, కళ్లు నల్లగా వస్తాయి. అందుకని నడితోట వదిలేసి, నీడ ఒకే తీరుగా పరుచుకున్న చోటు చూసుకోండి. చూసుకున్నాక నేల మీద కూర్చోండి. నిలబడి తీస్తే నడినెత్తులే వస్తాయి.

ఇక పిల్లల వెంట పడకండి. అలసిపోయేది మీరే. కాసేపు ఆట చూడండి: రాలిన మట్ట ఆకుల మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, మొదలు పట్టుకుని అక్క లాగుతోంది. ప్రతిసారీ అదే చెట్టు చుట్టూ తిప్పుతోంది. మలుపులో దాని వేగం తగ్గుతుంది. వాడు పక్కకి ఒరిగి ఆకులు గుప్పిట బిగిస్తాడు, భయమూ నవ్వూ ఒకేసారి మొహంలోకొస్తాయి. మీ ఫొటో అక్కడుంది. ఆ చెట్టు దూరానికి ముందే ఫోకస్ చేసి ఉంచుకోండి. లేదా కదిలేవాటిని వెన్నాడే ఫోకస్ పెట్టుకోండి: కానన్‌లో సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. బండి మలుపుకి రాకముందే బర్స్ట్ (వరసగా ఫొటోలు తీయడం) మొదలుపెట్టాలి. వచ్చాక నొక్కితే ఫొటోలో మట్ట తోకే మిగులుతుంది.

గెంతే పిల్లలు కాస్త తేలిక. ఎగిరినవాడు బాగా పైకెళ్లాక, కిందికి దిగబోయే ముందు దాదాపు ఆగినట్టే ఉంటాడు. ఉయ్యాల కొసన కూడా అంతే. అక్కడ 1/250 అయినా నడుస్తుంది.

ఒక్క మాట. కాలువ దగ్గరైతే మరో పెద్దమనిషిని తోడు తీసుకెళ్లండి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాళ్లు పిల్లలకి కాపలా కాయలేరు.

ఈ వారం అభ్యాసం: షట్టర్ 1/30కి దించండి. పక్కనుంచి వెళ్లే మట్ట బండితో పాటే, నడుము తిప్పుతూ కెమెరాను నడిపించండి. నొక్కాక కూడా ఆపొద్దు. కుదిరితే వాడి మొహం స్పష్టంగా, వెనక కొబ్బరి మానులు చారలుగా వస్తాయి. చాలావరకు కుదరవు, అక్కతో ఇంకో నాలుగు చుట్లు లాగించండి. ఎలాగూ అది వద్దనదు.

వచ్చే పాఠం: రేవులో ఈతలు, నీటి చుక్కలు.